నెదర్లాండ్స్ నుంచి పితూరీ

"పేరు తెలియకూడదు. ఊరు తెలియకూడదు. ఆ దేవుడికి కూడా తెలియకూడదు" అన్నాడు ధనరాజు.

అవనిగడ్డలో సెల్‌ఫోన్లు బాగుచేసే విల్సన్ షాపు షట్టరు సగం దించాడు.

"దేవుడి సంగతి నేను చెప్పలేను గానీ మావయ్యా, మిగతావాళ్ళకి తెలీకుండా చూస్తాను. ఎవరి మీద?"

"మా బావమరిది ఆంజనేయులు మీద."

పాలకాయతిప్ప పక్క పల్లెలో బావకో పడవ, బావమరిదికో పడవ. ఎండాకాలం చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ ఇంజను పడవలకు వేట నిషేధం. ఆంజనేయులు మాత్రం తెల్లారేసరికి సముద్రంలో ఉంటున్నాడు. చందువా చేపలన్నీ వాడి వలలోకే ఎక్కుతున్నాయి. అదీ ధనరాజు కడుపుమంట.

వాడు వల లాగుతుండగా తీసిన ఫొటో ధనరాజు ఫోనులో ఉంది. మనిషి వంగి ఉన్నాడు గానీ, పడవ మీద నంబరు శుభలేఖలో పెళ్ళికొడుకు పేరంత స్పష్టంగా పడింది. అది ఫిషరీస్ వాళ్ళకు చేరితే చాలు, పడవ జప్తే.

అయితే ఆ పల్లెలో ఒక కట్టుబాటుంది. సముద్రం గుట్టు సర్కారుకు చెప్పినవాడి చేపను ఊళ్ళో ఏ ఆడదీ అమ్మకానికి తట్టకెత్తదు. చేప తట్టకెక్కకపోతే ఆ ఇంటి పొయ్యిలో పిల్లి లేవదు.

విల్సన్ నడుం బిగించాడు. దొంగ పేరుతో ఒక మెయిలు పుట్టించాడు. ఫొటో కడుపులో దాగుండే తేదీ, టైము, చోటు, ఫోను పేరు అన్నీ చేప పొలుసు తీసినట్టు గీకేశాడు. ఆ పైన వీపీఎన్ అనేదేదో నొక్కి, "ఇప్పుడు నువ్వు నెదర్లాండ్స్‌లో ఉన్నావు మావయ్యా" అన్నాడు.

ధనరాజు గబుక్కున బల్ల పట్టుకున్నాడు.

"అంత దూరాన్నించి పంపితే మన ఇన్‌స్పెక్టరుకు అందుద్దా?"

"అందుద్ది. నిన్ను పట్టుకోటానికి మాత్రం ఆయన విమానం ఎక్కాలి."

"ఫొటో బాగా పడిందో లేదో ఓసారి చూడరాదూ?"

"వద్దు మావయ్యా. చూస్తే నేను సాక్షినైపోతాను."

నాలుగో రోజు ఫిషరీస్ ఇన్‌స్పెక్టరు మధుసూదనరావు పల్లెకు వచ్చి ఆంజనేయులు పడవకు గొలుసు వేయించాడు. ఊరంతా మూగింది. అందరికంటే ముందు ధనరాజు గుండెలు బాదుకున్నాడు.

"ఏ చచ్చినోడు రాశాడండీ? వాడి చెయ్యి పడిపోను!"

"తెలీదయ్యా. మావాళ్ళు ఎంత వెతికినా నెదర్లాండ్స్ అనే వస్తోంది."

ఆంజనేయులు బావురుమన్నాడు. "నెదర్లాండ్స్ వాడికి నా మీద ఏం పగ బావా?"

"దొరల బుద్ధే అంతరా" అని ధనరాజు వాణ్ణి వాటేసుకుని ఓదార్చాడు. విల్సన్‌కు కిలో రొయ్యలు పంపాలని ఆ ఓదార్పులోనే నిర్ణయించుకున్నాడు.

సాక్ష్యం ఇదిగో అంటూ ఇన్‌స్పెక్టరు పెద్ద కాగితం మీద అచ్చు వేయించిన ఫొటో తీశాడు. జనం ఆంజనేయులు కష్టం మర్చిపోయారు. అతని పడవ వెనక, దూరంగా, పల్లె ఒడ్డంతా పడింది మరి!

"అదుగో మా పచ్చ పడవ!"

"దాని పక్కన మాది!"

"మా పడవ మీద కాకి కూడా పడిందిరోయ్!"

పెళ్ళి ఆల్బమ్ చూసినట్టు ఎవరి పడవను వాళ్ళు వెతుక్కుని మురిసిపోయారు.

ఆంజనేయులు తల్లి పెద్దింట్లమ్మ కూడా వచ్చింది. ఊళ్ళో చేపల తట్టలెత్తే ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. కళ్ళజోడు సవరించుకుని, ఫొటోలో ఒడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు వేలు పెట్టి రెండుసార్లు వెతికింది.

ఆ పైన తలెత్తి, "అందరి పడవలూ ఒడ్డునే ఉన్నాయి అల్లుడూ, మరి నీ పడవేదీ?" అంది.