గీత మీద గీత

“ఫ్రిజ్ కూడా ఆపేశారా? మరి ఈ ఐస్‌క్రీము ఎక్కడ పెట్టనక్కా?”

“గిన్నెలో చన్నీళ్ళు పోసి అందులో పెట్టరా. కాసేపట్లో వేస్తాంలే,” అంది అక్క, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

ఫ్రిజ్ ఒక్కటే కాదు, హాల్లో ఫ్యానూ తిరగడం లేదు. తమ్ముడు ముచ్చటపడి కొనిచ్చిన ఏసీ నోరు మూసుకుని గోడకి వేలాడుతోంది. బావ కిటికీ పక్కన కూర్చుని పేపరుతో విసురుకుంటున్నాడు. పోనీ కరెంటు పోయిందా అంటే అదీ లేదు, ఎదురింటి ఏసీ హాయిగా గురక పెడుతోంది.

తమ్ముడిది కరెంటు ఆఫీసులో అంచనాల ఉద్యోగం. ఏ వీధిలో ఏ పూట ఎంత కరెంటు కాలుతుందో ముందే లెక్కగట్టి చెప్పాలి. దాన్ని బట్టి ఎక్కడ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలో పైవాళ్ళు తేలుస్తారు. అందుకే ఆఫీసులో అతనికి ‘జోస్యులుగారు’ అని పేరు. నిరుడు ఆ జోస్యం కాస్తా బెడిసికొట్టింది. ఏం ఫరవాలేదు, ఉన్నది సరిపోతుందని ఇతను చెప్పిన పేటలోనే ట్రాన్స్‌ఫార్మర్ పేలి, జనం ఉక్కపోతకి అల్లాడిపోయారు. “కళ్ళు మూసుకుని చెప్పినా ఇంతకంటే నయంగా చెప్పేవాళ్ళం కదయ్యా!” అన్నాడు పెద్దసారు మీటింగులో. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు జోస్యులు తిన్నగా ఈ ఇంటికే వచ్చి, అక్క ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

ఈ ఏడు మాత్రం తలెత్తుకు తిరిగే రోజొచ్చింది. ఆ కబురు చెప్పడానికే పరుగెత్తుకొచ్చాడు.

“సాయంత్రాలు మీ వీధిలో సగం ఏసీలే నడుస్తాయని వేసవికి ముందే అన్నానా లేదా? మిగతా పేటలన్నీ కాస్త అటూ ఇటూగా వచ్చాయి. మీ వీధి మాత్రం గీత మీద గీత పడిందక్కా! ముందు నేను గీసిందీ, తర్వాత మీటరు గీసిందీ ఒక్కటే. పెద్దసారు భుజం తట్టాడు.”

అక్క మొహం వెలిగిపోయింది. “నిజంగానా? కాస్త కూడా తేడా రాలేదూ?”

“వెంట్రుకవాసి కూడా రాలేదు. ఇక మీ వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదని రేపు మీటింగులో చెప్పేస్తా. అది వేరే పేటకి పోతుంది.”

బావ విసురుకోవడం ఆపాడు. ఏదో అనబోయి, అక్క కళ్ళు చూసి, మళ్ళీ పేపరు ఊపసాగాడు.

“అన్నట్టు, వీధి మొదట్లో కూర్చునే తాతగారు నన్ను ఆపి ‘సరిపోయిందా బాబూ?’ అన్నారు. దేని సంగతో తెలీదు, పెద్దాయన కదా అని సరిపోయిందండీ అనేశా.”

అక్క గబుక్కున వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందుకుంటూ అతను ఆమె మెడ చూశాడు. మెడ చుట్టూ ఎర్రగా చెమటకాయలు. జోస్యులికి తల కొట్టేసినట్టయింది. ఊరందరి కరెంటూ చూసే తమ్ముడుండి, అక్క ఇలా ఉడికిపోవడమా! ఆ సిగ్గే కోపమై బావ మీదికి మళ్ళింది.

“కక్కుర్తికైనా ఓ హద్దుండాలి బావా! ఏసీ నేనే కొనిచ్చా. బిల్లు కూడా నన్నే కట్టమంటే కడతా. మా అక్కని మాత్రం ఇలా ఉడకబెట్టకు.”

“ఒరేయ్, నోర్ముయ్!” అంది అక్క.

బావ మొహం నల్లబడింది. “పోనీలేవే, అననీ,” అన్నాడు మెల్లగా.

అంతలో ఎదురింటి కోడలు గుమ్మంలోంచి తొంగిచూసింది. “పిన్నిగారూ, ఇవాళ మీ వంతు మాకిచ్చి పుణ్యం కట్టుకున్నారు. చంటిది ఇప్పటికి నిద్రపోయింది. రేపు మా వంతు మీరు...” అతన్ని చూసి నాలిక్కరుచుకుంది. “అయ్యో, తమ్ముడుగారా!” అని నవ్వేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

“వంతేమిటి?” అన్నాడు జోస్యులు.

బావే చెప్పాడు. “సాయంత్రమైతే ఎదురు వరస వాళ్ళు ఏసీలు వేసుకున్నంతసేపూ మా వరస ఆపాలి. తర్వాత మేం వేసుకుంటే వాళ్ళాపాలి. వేసవి మొదలైన దగ్గర్నుంచీ వీధంతా ఇదే వరస. మా ఇంట్లో ఫ్యానూ, ఫ్రిజ్జూ కూడాను. మీ అక్క చాదస్తం తెలుసుగా.”

పొట్టి చొక్కా కుట్టి, ఊపిరి బిగబట్టి తొడుక్కున్నవాళ్ళని చూసి, కొలత భలే కుదిరిందని మురిసిపోయిన దర్జీలా ఉంది జోస్యులి పని. పైగా ఇంట్లో కూర్చుని చెమటోడుస్తున్న పెద్దమనిషిని పట్టుకుని కక్కుర్తి అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపించింది.

“బావా... బుద్ధి గడ్డి తిని అనేశాను. క్షమించు.”

“ఊరుకోవోయ్. మనలో మనకేంటి?”

“ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుందని భయపడి ఇన్నాళ్ళూ ఇలా సర్దుకుంటున్నారా? నాకో మాట చెబితే ఏం పోయేది? రేపు మీటింగులో నా లెక్క తప్పని ఒప్పేసుకుంటా. ఆ కొత్తది మీ వీధికే ఇప్పిస్తా.”

“వద్దురా!” అక్క అతని చెయ్యి పట్టుకుంది. “అంత పని చెయ్యకు, నీకు పుణ్యముంటుంది.”

“ఎందుకొద్దు? ఇంకా ఎన్నాళ్ళిలా భయపడుతూ బతుకుతారు?”

“భయమా!” బావ పేపరు పక్కన పడేశాడు. “పేలితేనే కదయ్యా మాకు కొత్తది వచ్చేది! ఇంటింటికీ వెళ్ళి, గడ్డం పట్టుకుని బతిమాలి, ఈ వంతులు పెట్టించింది మీ అక్కే.”

“చెప్పొద్దన్నానా!” అంటూ అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

జోస్యులు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అక్కా? దేనికి?”

బావే అన్నాడు.

“నీ అంచనా తప్పకూడదని.”