చేసిన ఇళ్ళు చూసి రండి

కామాక్షయ్యకు అనుమానం పుట్టుకతోనే ఉంది. ఉద్యోగం దాన్ని ముదరబెట్టింది. కృష్ణపట్నం పోర్టు గేటు దగ్గర లారీల సీళ్ళు తనిఖీ చేయడం ఆయన పని. సీలును పట్టి లాగి, మళ్ళీ లాగి చూస్తేగాని బండిని కదలనివ్వడు. ఇంట్లోనూ అంతే. భార్య విజయకుమారి ఏరి తెచ్చిన వంకాయల్ని కూడా ఒక్కొక్కటీ తిప్పి చూస్తాడు.

అలాంటి మనిషికి కాంట్రాక్టరును వెతకాల్సిన గతి పట్టింది.

ముత్తుకూరులో వాళ్ళ ఇల్లు. ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి వెనక గదిలో పెచ్చులు రాలుతున్నాయి. మొన్నొకటి మంచం మీదే పడింది. కార్తీకంలో కూతురు బిందు పసిబిడ్డతో పడుకోవాల్సిన మంచం అది. తొలి కాన్పు. వానలు ముదిరేలోగా పాత కప్పు తీసేసి కొత్తది పోయించాలి.

"బిడ్డ నెత్తిన పెచ్చు పడితే ఏం గావాలయ్యా? ఎవురో ఒకర్ని పిలవరాదా?" అంది విజయకుమారి.

"ఎవురో ఒకరు వస్తే మిద్దె పీకేసి పోతాడు. అప్పుడు బిడ్డ నెత్తిన వాన పడతాది."

వచ్చినవాళ్ళలో ఒకడు తక్కువ చెప్పాడని వద్దన్నాడు. ఇంకొకడు ఎక్కువ చెప్పాడని వద్దన్నాడు. మూడోవాడు సరిగ్గా తను అనుకున్న మొత్తమే చెప్పేసరికి, ఇంటి గుట్టు ఎవరో బయటపెట్టారని భార్య వైపు అనుమానంగా చూశాడు.

తర్వాత పెంచల్ వచ్చాడు.

"సిమెంటు మీరే కొనండన్నా. గదిలో పెట్టుకోని, తాళంచెవి మీ మొలతాడుకే కట్టుకోండి."

"ఇసుక సముద్రానిది తోలితే?"

పెంచల్ సంచిలోంచి గుప్పెడు ఇసుక తీసి చాచాడు. "నోట్లో ఏసుకోని చూడండి."

కామాక్షయ్య నిజంగానే వేసుకున్నాడు. చప్పగా ఉంది. పుక్కిలించి వచ్చి అసలు భయం బయటపెట్టాడు.

"మధ్యలో వదిలేసి పోతే?"

పెంచల్ నొచ్చుకోలేదు. "నా మాట నమ్మబాకండన్నా. నేను చేసిన ఇళ్ళు చూసి రండి. నాకు చెప్పకుండా పోండి. నా ఎనకాల అడగండి" అంటూ రెండు ఇళ్ళ చిరునామాలు రాసిచ్చాడు.

దాంతో కామాక్షయ్య సగం మెత్తబడ్డాడు. మిగతా సగం తేల్చుకోవడానికి బండి తీశాడు.

మొదట మైపాడు వెళ్ళాడు. అక్కడ హజరత్తయ్యకు సొంత పడవలున్నాయి. ఇంటి ముందు గోడ నున్నగా ఉంది. వరండాలో పలకలు అద్దంలా మెరుస్తున్నాయి. పెంచల్ పేరు వినగానే హజరత్తయ్య ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్ళి కుర్చీ తెచ్చి వరండాలో వేశాడు.

"మీ పని పెంచల్‌కి ఇస్తుండారా? దేవుడు మాదిరి వచ్చినారన్నా! కళ్ళు మూసుకోని ఇచ్చేయండి. ఈ గోడ చూడండి, ఎంత బాగా చేసినాడో."

"లోపల కూడా ఒకసారి చూస్తాను."

"లోపల మా అత్తకి ఒంట్లో బాగలేదన్నా. పడుకోనుండాది."

"పని మధ్యలో వదిలేసి పోయే రకం కాదు కదా?"

"పెంచలా? అడ్వాన్సు చేతిలో పడిన మర్నాడే వస్తాడు. అందులో మాత్రం తిరుగులేదు." అంటూ క్యాలెండరు తెచ్చి మంచిరోజు కూడా ఆయనే చూసి పెట్టాడు. "ఈ గురువారం ఇచ్చేయండి. శుక్రవారం మొదలు."

హజరత్తయ్య భార్య చెంచులక్ష్మి వంజరం చేప ముక్కలు కవర్లో కట్టి ఇచ్చింది. "మీ పని తొందరగా మొదలవ్వాలని మొక్కుకుంటా అన్నయ్యా" అంది. ఊరూ పేరూ తెలియని మనిషి కోసం ఆ తల్లి అలా అనేసరికి కామాక్షయ్యకు కళ్ళు చెమర్చాయి.

తిరిగొస్తూ ఇందుకూరుపేటలో అబిగయీలు టీచరు దగ్గర ఆగాడు. ఆవిడ గేటు దగ్గరికే వచ్చి మాట్లాడింది. "అంత మంచి పనోడు దొరకడు సార్. ఆలోచిస్తా కూర్చుంటే ఇంకెవరన్నా ఎగరేసుకోని పోతారు. ప్రార్థనలో మీ ఇల్లు పెట్టుకుంటాను" అంది.

ఆ రాత్రి వంజరం పులుసు కలుపుకుంటూ కామాక్షయ్య తేల్చేశాడు.

"వాళ్ళిద్దరికీ ఒకరి మొకం ఒకరికి తెలీదు. నేను ఎప్పుడు పోయినానో పెంచల్‌కీ తెలీదు. నాకు అబద్ధం చెప్తే వాళ్ళకొచ్చే లాభమేంది?"

"నీకు నమ్మకం కుదిరిందంటే నాకు భయమేస్తుండాది" అని నవ్వింది విజయకుమారి.

గురువారం పెంచల్ చేతిలో అడ్వాన్సు పెట్టారు. శుక్రవారం పొద్దున్నే నలుగురు మనుషులు వచ్చి, కొబ్బరికాయ కొట్టి, సమ్మెటలు పట్టుకుని పైకెక్కారు. మాట తప్పలేదు. మధ్యాహ్నానికల్లా కప్పు మొత్తం కిందికి దించేశారు. గదిలోంచి చూస్తే ఆకాశం కనిపించింది. పనివాళ్ళు అన్నం తినొస్తామని వెళ్ళారు.

కామాక్షయ్యకు గుండెల మీద బరువు దిగిపోయింది. కూతురికి ఫోన్ చేశాడు.

"ఏం దిగులు పడబాకమ్మా. అన్నీ విచారించి, మంచి మనిషినే పెట్టినాను. నీ గది పని మొదలైపోయింది" అన్నాడు.

అదే వేళకు ఆ నలుగురూ, కామాక్షయ్య ఇచ్చిన అడ్వాన్సుతో కొన్న తలుపులూ కిటికీలూ ఆటోలో వేసుకుని, "ఇంకో ఇల్లు దొరికి అడ్వాన్సు వస్తేగాని మీ ఇల్లు ముగించలేను" అని పెంచల్ చేతులెత్తేసిన నాటి నుంచి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న హజరత్తయ్య ఇంటి ముందు దిగారు.