మూలన చిన్న సందు

"మేస్త్రీ, ఈ తలుపులోంచి పిసరు గాలి కూడా దూరకూడదు."

పాత పికప్ దిగిన పెద్దాయన వస్తూనే అన్న మాట అది.

మేస్త్రి బండి చుట్టూ తిరిగి చూశాడు. పెద్దాయన వాళ్ల నాన్న కాలం నాటి బండి. తలుపుల రబ్బరు బీడింగు ఎండి, పెచ్చులు పెచ్చులుగా రాలిపోతోంది.

"రెండు వైపులా మార్చాలి," అన్నాడు.

"నా వైపు ఎలా ఉన్నా పర్లేదు. అటు పక్కది మాత్రం గట్టిగా ఉండాలి. మా ఇంటావిణ్ణి పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల జబ్బు. చలిగాలి తగిలితే మనిషి దక్కదన్నాడు డాక్టరు."

"మరి ఇన్ని షెడ్లుండగా నా దగ్గరికే వచ్చారేం?"

"ఆవిడే పంపింది. మీ చేతిపని మీదే ఆవిడకి గురి."

మేస్త్రి ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ఆవిడెవరో అడగాలని మాత్రం తోచలేదు మహానుభావుడికి.

పాత రబ్బరు పీకాడు. ఎండిన జిగురు గీకాడు. కొత్తది చుట్టూ అంటించుకుంటూ వచ్చాడు. తీరా చివరికి వచ్చేసరికి జానెడు తక్కువ పడింది. ఇంకో రబ్బరు చుట్ట కోసం బజారుకి పరిగెత్తాలి. అవతల కారు ఆసామి ఒకటే హారన్ కొడుతున్నాడు.

మేస్త్రి రబ్బరుని పట్టి లాగాడు. సాగింది. అతుక్కుంది.

సాగదీసి అంటించిన రబ్బరు మళ్లీ ముడుచుకుపోతుందని ఎవరికి తెలియకపోయినా అతనికి తెలుసు. తెలిసే చేశాడు, పాడు బుద్ధి!

వారం తిరక్కుండా పెద్దాయన మళ్లీ వచ్చాడు.

"పై మూలన సందు పడింది మేస్త్రీ, వేలు దూరుతోంది. ఆస్పత్రికే బయల్దేరాం. ఆవిడ బండిలోనే ఉంది. ఒక్కసారి వచ్చి చూడండి."

మేస్త్రి ఏదో కారు కింద దూరి ఉన్నాడు. తల కూడా బయట పెట్టలేదు.

"పాత బండన్నాక ఆ మాత్రం గాలి రాదా? సందులో గుడ్డ కుక్కండి."

"పోనీ, ఊరికే వచ్చి ఆ తలుపు మీ చేత్తో వేసి వెళ్లండి. చాలు."

"బాగుంది వరస! తలుపు వెయ్యడానికి కూడా నేనేనా? పనీపాటా లేదనుకున్నారా నాకు?"

రోడ్డు మీద ఎవరో దగ్గారు. ఆపకుండా దగ్గుతూనే ఉన్నారు.

పెద్దాయన గబగబా బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆ పికప్ మేస్త్రి ఇంటి ముందు ఆగింది.

"రబ్బరు గొడవకి ఇంటిదాకా వచ్చేశారా పెద్దాయనా!" గయ్యిమన్నాడు మేస్త్రి.

"రబ్బరుతో ఇంక పని లేదు. మనిషి దారిలోనే పోయింది."

మేస్త్రి గడప దిగి బండి దగ్గరికి వచ్చాడు.

"చొక్కా విప్పి కుక్కాను. ఆగలేదు గాలి. ఇంట్లో పడుకోబెట్టి, చెప్పి వెళ్దామని వచ్చాను. నిన్న మీరు బయటికొస్తారని ఎంత ఎదురుచూసిందో! బండి కదిలాక కూడా తల తిప్పి మీ షెడ్డు వైపే చూసింది."

"నా కోసమా? ఆవిడెవరు, నేనెవరు?"



పెద్దాయన గొంతు విని లోపల్నుంచి మేస్త్రి తల్లి పరుగున వచ్చింది.

ఇంటి మాట కాదని పెళ్లి చేసుకున్న అక్కని గడప తొక్కొద్దన్నవాడు ఈ మేస్త్రే. ఆ మొగుడి మొహం కూడా చూడనని ఒట్టు పెట్టుకున్నాడు, ఇన్నేళ్లూ చూడలేదు. తల్లి మాత్రం కొడుకు చాటున వెళ్లి వాళ్లని చూసి వస్తూనే ఉంది.

ఆవిడ కొడుకుని పక్కకి తోసి, బండిలోకి తొంగి చూసి, "ఒక్కరే వచ్చారేం అల్లుడుగారూ? నా కూతురేది?" అంది.