పాప బండిలో గడ్డిమిషన్

పక్కింటి హొరేస్ గడ్డి కోసే మిషన్‌ను దొంగిలించాలని క్లెమెంట్ డాబ్స్ నిశ్చయించుకున్నాడు. అంతకు ముందు అతను ఎవరి గుండుసూదీ ముట్టి ఎరగడు.

దీనికంతటికీ కారణం భార్య మేవిస్. ఏటా ఆగస్టులో ఊరి పూల పండగలో, ఇంటి ముందు పచ్చిక బాగున్నవాళ్లకు వెండి కప్పు ఇస్తారు. ఏటా అది హొరేస్ పిల్బీమ్ ఇంటికే వెళ్తుంది. క్లెమెంట్‌కు ఏటా రెండో స్థానం, దాంతోపాటు ఒక జాడీ ఉల్లిపాయ ఊరగాయ.

"ఏమయ్యా, ఇంట్లో ఏ అర తీసినా ఊరగాయే! ఈసారి కూడా జాడీతో వచ్చావంటే నీ పచ్చికంతా తవ్వేసి బంగాళాదుంపలు పెడతా. మా అమ్మ మీద ఒట్టు" అంది మేవిస్.

మేవిస్ ఒట్టేసిందంటే ఇక తిరుగులేదు. వెనక ఇలాగే ఒట్టేసి పియానోను కోళ్లగూడు చేసింది. ఇప్పటికీ కోడి గుడ్డు పెట్టినప్పుడల్లా సంగీతం వినపడుతుంది.

ఆ ఏడు ఇంగ్లండులో ఎండ ఎలా కాసిందంటే, ఊరి చెరువులో బాతులు ఈత మరిచిపోయి నడక నేర్చుకున్నాయి. తోటకు పైపుతో నీళ్లు పెడితే జరిమానా అన్నారు. స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు మాత్రం పోసుకోవచ్చు. పచ్చిక కోసం క్లెమెంట్ పూటపూటా తొట్టిలో మునిగాడు. అంత శుభ్రమైన మొగుణ్ని మేవిస్ పెళ్లిరోజున కూడా చూడలేదు.

నీళ్ల దగ్గర ఇద్దరూ సమానమే. తేడా అంతా కోతలోనే. హొరేస్‌కు గడ్డి కొయ్యడమంటే పిచ్చి. కప్పులో టీ చల్లారేలోపు లేచి వెళ్లి ఒక చుట్టు కోసి వస్తాడు. మిషన్ లేకపోతే అతని పచ్చిక గొర్రె బొచ్చులా పెరుగుతుంది. అప్పుడు వెండి కప్పు ఎవరిది?

ఒక శనివారం మధ్యాహ్నం క్లెమెంట్ కంచె మీంచి మెడ సాచి చూశాడు. హొరేస్ మిషన్ చక్రాలకు నూనె రాసి, షెడ్డులో పెట్టి, మడత కుర్చీ చంకన పెట్టుకుని క్రికెట్ చూడ్డానికి వెళ్లిపోయాడు. షెడ్డు తలుపు బార్లా తెరిచే ఉంది.

క్లెమెంట్ అటక మీంచి కూతురి చిన్నప్పటి తోపుడుబండి దించాడు. హొరేస్ షెడ్డులో దూరి, మిషన్ పిడి ఊడదీసి, బండిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తలవైపు లేసు టోపీ పెట్టాడు. రోడ్డెక్కగానే మిస్ టాప్లీ ఎదురైంది. ఊళ్లో ఏ పాపనూ ముద్దాడకుండా వదలని ముసలమ్మ.

"ఎవరి బుజ్జాయి, క్లెమెంట్?"

"మా చెల్లెలి మనవడండీ."

"ఏదీ, ముఖం చూడనీ."

"వద్దండీ! పళ్లొస్తున్నాయి. వేలు పెడితే తెగుతుంది."

"మీ వంశమంతా అంతేలే. అదేంటి, నూనె వాసనొస్తోందే?"

"కడుపునొప్పని పట్టించాం" అంటూ క్లెమెంట్ బండిని పరుగెత్తించాడు.

మర్నాడు కంచె దగ్గర హొరేస్ కనిపించాడు.

"నా మిషన్ పోయిందోయ్ క్లెమెంట్."

"అయ్యయ్యో! పోలీసాయనకు చెప్పావా?"

"పాపం, ఈ ఎండలో ఆయన చేత సైకిలు తొక్కించడం ఎందుకులే."

"పోనీ నాది తీసుకుపోతావా?" అన్నాడు క్లెమెంట్.

"ఛఛ! ఒకడి మిషన్ ఇంకొకడు అడగడమా? పళ్లు తోముకునే బ్రష్ అడిగినట్టుంటుంది."

నిజమే. ఆ ఊళ్లో పెళ్లాన్ని వదిలేసినవాడికైనా మర్యాద దక్కుతుంది గానీ, గడ్డిమిషన్ అరువడిగినవాడికి దక్కదు.

ఇక క్లెమెంట్ రెచ్చిపోయాడు. రోజూ కోశాడు, నేలకంటా కోశాడు. చీమ నడిస్తే దాని మోకాళ్లు కనపడేటంత నున్నగా కోశాడు. అవతల హొరేస్ గడ్డి చీలమండలు దాటి పెరుగుతుంటే చూసి, దిండులో ముఖం పెట్టుకుని నవ్వాడు.

పండగనాడు తీర్పు చెప్పే మిసెస్ గ్రిమ్‌షా వచ్చింది. బూట్లు విప్పి, ఉత్త కాళ్లతో పచ్చిక మీద నడిచి చూడటం ఆవిడ పద్ధతి. క్లెమెంట్ పచ్చిక మీద అడుగు పెట్టగానే అప్పడాలు విరిగినట్టు కరకరలాడింది. అప్పటికే అది చాయ్ రంగు దాటి కాఫీ రంగుకు వచ్చింది. హొరేస్ పచ్చిక మీద మాత్రం ఆవిడ కళ్లు మూసుకుని నిలబడిపోయింది. చల్లగా ఉందట. బతిమాలితే గానీ దిగలేదు.

"ఇదేం న్యాయమమ్మా? వాడసలు కొయ్యనే లేదు!" అని అరిచాడు క్లెమెంట్.

"అందుకే బతికింది నాయనా. ఇంత ఎండలో గడ్డిని పొడుగ్గా వదిలితే తన వేళ్లకు తనే నీడ పట్టుకుంటుంది. నువ్వు దానికి గుండు కొట్టించి ఎండలో నిలబెట్టావు" అని అతని చేతిలో ఊరగాయ జాడీ పెట్టింది.

మేవిస్ జాడీని చూసింది. పార కోసం తమ షెడ్డులోకి వెళ్లి, వెంటనే తల బయట పెట్టింది.

"ఏమయ్యా, ఈ గోనె కింద రెండో మిషన్ ఎక్కడిది?"

క్లెమెంట్ జాడీతో హొరేస్ ఇంటివైపు చూపించాడు.

"ఓరి నీ మొహం మండా! నేను మొదటి సాలు తవ్వేలోపు వెళ్లి ఇచ్చేసి రా. బుద్ధిగా ఒప్పుకుని మరీ రా!"

వెనక పార దిగబడుతున్న చప్పుడు వింటూ, క్లెమెంట్ మిషన్‌కు పిడి తగిలించి నెట్టుకుంటూ వెళ్లాడు. హొరేస్ గుమ్మంలో కూర్చుని కప్పు తుడుస్తున్నాడు.

"హొరేస్, నన్ను తిట్టు, కొట్టు, పోలీసుకు పట్టించు. నీ మిషన్ దొంగను నేనే."

హొరేస్ గబుక్కున రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు.

"అవతలికి తీసుకుపోవయ్యా బాబూ! వానలు పడేదాకా దాన్ని నా కంట పడనివ్వకు!"

"అదేంటి?"

"అది దగ్గరుంటే నా చెయ్యి ఊరుకోదు, కోసి కోసి మాడ్చేస్తా. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి బావిలో పారేస్తే, బావిలోకి దిగి తెచ్చుకున్నా. అందుకే ఆ శనివారం నువ్వు కంచె మీంచి మెడ సాచడం చూసి, హమ్మయ్య, దేవుడు దొంగను పంపాడనుకుని, నెట్టుకుపోవడానికి నీకు తేలిగ్గా ఉంటుందని చక్రాలకు నూనె రాసి, తలుపు తీసి పెట్టి మరీ వెళ్లా!"