మీసాలు చూడాలి

"అవి రెండూ ఒకటి కాదు."

వెనక నుంచి మాట వినపడేసరికి ఆ అమ్మాయి చేతిలో సూది జారి కిందపడింది.

మ్యూజియంలో వెనక గది అది. అరల నిండా ఎండిన శలభాల పెట్టెలు, ముక్కు బద్దలయ్యేలా కలరా ఉండల వాసన. ఆ గదిలోకి పిలిచినా ఎవరూ రారు.

"ఎవరు మీరు? లోపలికెలా వచ్చారు?"

"తలుపు తీసే ఉంది అమ్మాయ్."

నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి. వచ్చినావిడ అప్పటికే బల్ల మీదికి వంగి చూస్తోంది.

బల్ల మీద రెండు మగ శలభాలున్నాయి. రెండూ మట్టిరంగువే, రెండింటికీ ముందు రెక్క మీద నల్ల గీతే. కన్నతల్లి కూడా తేడా పట్టలేదు. లోకమంతా వాటిది ఒకే జాతి అనుకుంటోంది. కాదని ఈ అమ్మాయి కనిపెట్టింది. అంటే రెండోది కొత్త జాతి, దానికి పేరు పెట్టే హక్కు తనది. ఆ సంగతి తనకీ, తన గురువుగారికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియదనుకుంది.

"ఎలా చెప్పగలరు?" అంది అమ్మాయి.

"నువ్వెలా చెప్పావు?"

"గీతని బట్టి. ఒకదానికి తిన్నగా ఉంది. రెండోదానికి చివర్న వంపు తిరిగింది."

"గీతని నమ్ముకోకు. రెక్క అరిగితే అదీ పోతుంది. మీసాలు చూడాలి. దీని మీసానికి దువ్వెనకున్నట్టు పొడుగు పళ్ళు. దానికి పొట్టివి."

లెన్స్ పెట్టి చూసింది. నిజమే. ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉండి కనపడలేదు.

"పురుగుల మీసం అబద్ధమాడదు అమ్మాయ్. మనుషుల సంగతి నేను చెప్పలేను."

ఇద్దరూ నవ్వుకున్నారు. పక్కనే సూది గుచ్చడానికి మెత్తబరిచి ఉంచిన ఇంకో శలభం ఉంది. అడక్కుండానే ఆవిడ దాన్ని అందుకుని, ఎడమచేత్తో వీపులో సూది గుచ్చి, చిటికెలో రెక్కలు సర్దేసింది. రెక్క మీది పొడి రవ్వంత కూడా రాలలేదు.

"సూది ఎడమకి ఒరిగిందండీ. మా సార్ చూస్తే చంపేస్తారు. సూది నిటారుగా లేకపోతే ఆయన ఊరుకోరు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఇవి ఆయనకి చూపించావా?"

"చెప్పాను. చూపించాలి."

"చూపించకు. ముందు నీ పేరుతో పత్రికకి వ్యాసం పంపెయ్. ఆ తర్వాతే ఆయనకైనా, ఎవరికైనా."

అమ్మాయికి ఒళ్ళు మండింది. చేయి పట్టుకుని పని నేర్పిన మనిషి ఆయన. తండ్రి లేని లోటు తెలియనివ్వని మనిషి. ముక్కూ మొహం తెలియని ఈవిడెవరు, ఆయన్ని అనడానికి? శలభాల్ని కాజేయడానికి ఎవరో పంపించి ఉంటారు!

"బాబాయ్!" అని వాచ్‌మన్‌ని కేకేసింది. "ఈవిణ్ణి బయటికి పంపించు. మళ్ళీ గేటు దాటనివ్వకు."

ఆవిడ సంచి భుజాన సర్దుకుంది. వెళుతూ వెళుతూ హాల్లో ఉన్న అద్దాల పెట్టె దగ్గర ఆగింది. అద్దం మీద ఎవరిదో వేలిముద్ర ఉంటే రుమాలుతో తుడిచి వెళ్ళిపోయింది.

అమ్మాయి వెంటనే గురువుగారికి ఫోన్ చేసి, పూసగుచ్చినట్టు చెప్పింది.

"మీసాలా?" అన్నారు గురువుగారు. "ఎడమచేతి మనిషా?"

"అవును సార్. మీకు తెలుసా?"

"అలాంటివాళ్ళు చాలామంది తిరుగుతుంటారు తల్లీ. నీ కష్టం ఎవరో ఎత్తుకుపోతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా? ఆ రెండూ నాకు పంపెయ్. నా బీరువాలో ఉంటే ఈగ కూడా వాలదు."

ఆయన చల్లని మాటకి ఆమె కళ్ళు చెమర్చాయి. దూది చుట్టి, పెట్టెలో పెట్టి, భద్రంగా పంపించింది.

కొన్నాళ్ళకి పత్రిక వచ్చింది. కొత్త శలభం, మీసాల తేడా, అన్నీ ఉన్నాయి. రాసింది గురువు ఒక్కడే. శలభానికి తన మనవరాలి పేరు పెట్టుకున్నాడు. అమ్మాయి పేరు లేకపోలేదు. అట్టడుగున, పెట్టెలు శుభ్రంగా ఉంచినందుకు కృతజ్ఞతలు చెప్పాడు.

"సార్, అది నాది కదా!"

"నీకింకా బోలెడంత వయసుంది తల్లీ. ఇంకోటి దొరుకుతుందిలే" అన్నాడు, అదే చల్లని గొంతుతో.

తడిగుడ్డతో గొంతు కోశాడు. దొంగ పక్కనే ఉంటే, దొంగ వస్తున్నాడని చెప్పిన మనిషిని గెంటేసింది తను.

పరుగున గేటు దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఆవిడ మళ్ళీ వచ్చిందా?"

"నువ్వే కదమ్మా రానివ్వద్దన్నావు? ఒకసారి వచ్చింది. పంపేశాను."

"పేరేమైనా చెప్పిందా?"

"చెప్పబోయింది. నేనే విన్లేదు."

హాల్లోకి తిరిగొచ్చింది. అద్దాల పెట్టెలో గురువుకి పేరు తెచ్చిన శలభం ఉంది. పడుచుతనంలో ఈ గదుల్లోనే పనిచేస్తూ కనుగొన్నాడట. పట్టిందీ నేనే, గుచ్చిందీ నేనే అని ఎన్ని సభల్లో చెప్పుకున్నాడో! తెరిస్తే పాడవుతుందని, ఆ పెట్టెని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. రోజూ దుమ్ము దులిపే ఈ అమ్మాయికి కూడా పైనుంచి చూస్తే సూదికి తల తప్ప మిగతాది కనపడేది కాదు.

ఈసారి తాళం తీసింది.

శలభాన్ని పైకెత్తి బల్ల మీద, ఆ రోజు ఆవిడ గుచ్చి ఇచ్చినదాని పక్కన నిలబెట్టింది.

రెండు సూదులూ ఎడమకే ఒరిగి ఉన్నాయి.