తలకిందులైన డాలు

ప్రభువు శవపేటిక పైన, గోడకు వేలాడే వంశపు డాలు తలకిందులుగా ఉంది.

రాజమాత ఓటిలీ చేతిలోని తెల్లపూలు జారి రాతి నేల మీద పడ్డాయి. అప్పుడే తెల్లవారుతోంది. కోట చర్చిలో ఇంకెవరూ లేరు. డాలు మీది నల్ల డేగ కాళ్లు పైకి, తల కిందికి పెట్టి ఆమె వంకే చూస్తున్నట్టుంది.

ఫెల్సెన్‌మార్క్ సంస్థానంలో దాని అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. ప్రభువు పోతే డాలు అంచుకు నల్లగుడ్డ చుడతారు. వంశమే అంతరించిపోతే మాత్రం డాలును తలకిందులు చేసి, ఆఖరివాడి పేటికతో పాటు సమాధిలోకి దించేస్తారు.

ఎబర్‌హార్ట్ ప్రభువు ఆఖరివాడు కాదు. కొడుకున్నాడు. టాసిలో. ఈ రోజు చర్చి గంట మోగగానే తండ్రి పేటిక మీద చెయ్యి వేసి, ప్రమాణం చేసి, గద్దెనెక్కాల్సినవాడు.

ఇంకాసేపట్లో దొరలంతా ఇక్కడికి వస్తారు. డాలును ఇలా చూశారంటే ప్రమాణం ఆగిపోతుంది. విచారణ అంటారు. గుసగుసలు మొదలవుతాయి. గద్దె మెల్లగా ప్రభువు అక్క కొడుకు బ్రూనో వైపు జరుగుతుంది.

బయటి శత్రువు చేసిన పని కాదిది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడెవడో చేశాడు.

నిన్నటి భోజనాల దగ్గర బ్రూనో అన్న మాట ఆమె చెవిలో ఇంకా గింగురుమంటోంది.

"మామయ్య గుర్రం సకిలిస్తేనే జ్వరం తెచ్చుకునేవాడు. నువ్వేమో జీను మీదే పుట్టినట్టున్నావు, బామ్మర్దీ. ఎవరి పోలికో."

బల్ల చుట్టూ నవ్వులు. టాసిలో కూడా నవ్వాడు. అంతా గురువు చలవేనంటూ, వేట వ్యవహారాలు చూసే బారన్ వెండెలిన్ వైపు గ్లాసు ఎత్తాడు. చిన్నప్పటినుంచీ అతనికి స్వారీ నేర్పింది వెండెలినే. పేటిక దగ్గర కాపలా బాధ్యత కూడా వెండెలిన్‌దే.

ఓటిలీ ఎవరినీ కేకేయలేదు. కొడుకునూ లేపలేదు. చర్చి తలుపు బయటినుంచి గడియ పెట్టి, నల్ల గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని, మంచు కప్పిన పెరటిని అడ్డంగా దాటింది. బండివాళ్లు లేచి దండం పెట్టారు. ఆమె చూడలేదు. గుర్రపుశాల మీది గది తలుపు దబదబా బాదింది.

వెండెలిన్ తలుపు తీశాడు. సగం గడ్డం గీసుకున్నాడు, మిగతా సగం మీద నురగ.

"డాలు తిప్పేశారు," అంది.

అతని చేతిలోని కత్తి ఆగిపోయింది.

"కాపలా నీది. నీకు తెలియకుండా ఈగ కూడా లోపలికి పోదు. బ్రూనో నీకేం ఇస్తానన్నాడు?"

"నన్నా?" కోపంలో అతను మన్నన కూడా మరిచాడు. "నన్నా నువ్వు అనుమానించేది?"

"ఈ కోటలో నేను నమ్మింది ఒక్క నిన్నే. నువ్వే అమ్ముడుపోతే నాకిక ఎవరున్నారు?"

అతను నురగ తుడుచుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్కసారిగా పదేళ్లు మీద పడ్డట్టు కనిపించాడు.

"వాణ్ణి గుర్రం ఎక్కించింది ఈ చేతులు," అన్నాడు చివరికి. "వాడి నోట్లో నేనే మట్టి కొడతానా?"

ఆమె నమ్మింది. నమ్మాక సిగ్గుపడింది. కాపలా మారేటప్పుడు చర్చి కాసేపు ఖాళీగా ఉంటుందనీ, బ్రూనో ఆ సందులో దూరి ఉంటాడనీ అతను చెప్పాడు. ఇద్దరూ పరుగున వచ్చారు. అతను నిచ్చెన ఎక్కాడు. ఆమె కింద పట్టుకుంది. డేగ మళ్లీ నిటారుగా నిలబడింది.

"ఎవరూ చూడలేదు," అన్నాడు వెండెలిన్ దిగుతూ.

"నేను చూశాను."

తలుపు దగ్గర టాసిలో. ఒంటి మీద ప్రమాణానికి తొడుక్కున్న తెల్లకోటు, భుజం మీదుగా నీలిపట్టీ. బూట్లకు ఇంకా కరగని మంచు.

ఓటిలీ అతని చెయ్యి పట్టుకుని గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. ఇది బ్రూనో పనే. గంట మోగేలోపు వాణ్ణి బండెక్కించి సరిహద్దు దాటించాలి. లేకపోతే ఇంకో పన్నాగం పన్నుతాడు, గద్దె దక్కనివ్వడు.

టాసిలో ఓపిగ్గా విన్నాడు.

"బ్రూనో బావని నిలదీశావా?"

"నిలదీస్తే ఒప్పుకునే రకమా వాడు?"

"పోలీసు అధికారికి చెప్పావా?"

"ఇంటి గుట్టు పోలీసులకా?"

"పోనీ, నన్నైనా లేపలేదే."

"నిన్ను కంగారు పెట్టడం ఎందుకని, కన్నా."

పైన గంట మొదటి దెబ్బ పడింది. బయట దొరల అడుగుల చప్పుడు మొదలైంది. టాసిలో తల్లి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. భుజం మీది నీలిపట్టీ తీసి, మడతపెట్టి, పేటిక మీద ఉంచాడు. వెండెలిన్ వైపు చూడలేదు. తల్లినే చూస్తూ మెల్లగా అన్నాడు.

"డాలు తిప్పింది నేనేనమ్మా. నేను తన కొడుకుని కానని నాన్న పోతూ పోతూ చెప్పారు. మరి నా తండ్రెవరని అడిగితే, ‘నాకూ తెలీదు, నేను పోయాక ఆ డాలు తిప్పి చూడు, మీ అమ్మ ముందుగా ఎవరి తలుపు కొడితే వాడే’ అన్నారు."