మూడో రీలు

"ఇదీ చెత్తే!" అంటూ వర్లన్ గాలం దారం చుట్టే ఎర్ర రీలుని రాడ్డుతో సహా బల్ల మీద పడేశాడు.

దారం మళ్లీ పిచ్చిక గూడైంది. ఇంతకుముందు నల్ల రీలుదీ అదే గతి. తన చేపల సామాన్ల షాపు వెనక పార్కింగులో, ఫిబ్రవరి ముసురులో, ముప్ఫై అంగల దూరాన గురి కోసం పెట్టిన పాత టైరు దరిదాపులకి ఒక్క సీసం గుండూ పోలేదు. చుట్టూ నిలబడ్డ పదిహేను మందీ తల దించుకుని కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు.

అలబామాలో ఆ సరస్సు చుట్టుపక్కల బాస్ చేపలు పట్టేవాళ్లకి వర్లన్ మాటే మాట. ఏటా సీజను ముందు, నూరు నుంచి నూటయాభై డాలర్ల లోపు రీళ్లు మూడు తీసి, ఒకే దారం, ఒకే బరువు కట్టి, అందరి ముందూ విసిరి చూపిస్తాడు. ఆయన ఏది బాగుందంటే జనం అదే కొంటారు. హైవే మీద అంత పెద్ద స్టోరు వచ్చాక కూడా ఈ షాపు తలుపులు తెరుచుకుంటున్నాయంటే ఆ ఒక్క మాట వల్లే. ఇంతకీ ఈ రకం రీలుకి కంపెనీవాడు ఎన్ని బ్రేకులు పెట్టినా అసలు బ్రేకు మనిషి బొటనవేలు. గిర్రున తిరిగే దారపు చుట్టని వేలితో సమయానికి అదమకపోయారా, దారం గుండుకన్నా ముందు పరిగెత్తి చిక్కుపడి చస్తుంది.

వర్లన్ బొటనవేలికి క్రిస్మస్ నుంచి స్పర్శ లేదు. అది కనిపెట్టింది కూతురు నెల్డా ఒక్కతే. పొయ్యి మీది ఇనప పెనం పట్టుకుని, కాలుతోందని కూడా తెలియకుండా నిలబడితే తనే చెయ్యి లాగింది. "నాది మందం తోలే," అని నవ్వేశాడు. చెబితే వినే ఘటమా ఆయన!

"రీలు చెత్తా, వేలు చెత్తా వర్లన్?"

అడిగింది రేబర్న్. పైవూళ్ల వాళ్లని పడవలో తీసుకెళ్లి చేపలు పట్టించడం అతని బతుకుతెరువు. ముప్ఫై ఏళ్లుగా వర్లన్ ఔనంటే అతను కాదంటాడు. అయినా అతని కార్డు షాపు గోడకి అంటించి, వచ్చినవాళ్లని అతని పడవెక్కమని పంపేదీ వర్లనే.

"నోర్ముయ్యరా. ఎర్రది పిడి ఒక్కసారి తిప్పితే బోలెడు దారం లాగుతుంది, ఒప్పుకుంటా. కానీ దాని బ్రేకు దండగ. నల్లది తేలికే, చుట్ట మాత్రం ఒట్టి వదులు."

"మా మేనల్లుడు మొన్న ఆ నల్లదాంతోనే నలభై గజాలు విసిరాడు. ఒక్క చిక్కు పడితే ఒట్టు."

కాఫీ కప్పుల్లోంచి తలలు లేచాయి. వర్లన్ చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, వెండి రంగుది మిగిలింది. ముందు నేను విసురుతా, తర్వాత అదే రీలు నువ్వు విసురు. రీలో వేలో అప్పుడే తేలుతుంది."

"అది తేల్చడానికేగా వచ్చింది," అన్నాడు రేబర్న్.

నెల్డా వెండి రంగు రీలు వంక చూసింది. ఇదీ నాన్న చేతిలో చిక్కుపడి, రేబర్న్ చేతిలో హాయిగా పోయిందంటే అంతే సంగతులు. రేపట్నుంచి ఆయన్ని ఎవరూ ఏదీ అడగరు. ఎవరూ అడగని నాడు ఆ మనిషి బతికున్నా లేనట్టే.

"ఉండు నాన్నా, గుండు నేను కడతా," అని రాడ్డు అందుకుని అటు తిరిగింది. రీలు పక్కనుండే, చుట్ట తిరగకుండా పట్టి ఉంచే మరని చివరంటా బిగించేసింది, బ్రేకు కూడా పూర్తిగా పెట్టేసింది. ఇక చంటిపిల్లాడు విసిరినా చిక్కుపడదు. దూరం మటుకు పోదు.

వర్లన్ కంగారులో ఏదీ సరిచూసుకోకుండా విసిరేశాడు. గుండు బద్ధకంగా ఎగిరి సగం దారిలోనే చతికిలబడింది. దారం మాత్రం చక్కగా ఉంది.

"చూశారా! దూరం సంగతొదిలెయ్యండి, ఎదురుగాలి. చిక్కు పడిందా? ఇదీ రీలంటే! నీ వంతురా."

రేబర్న్ రాడ్డు అందుకుని చుట్టని వదిలే మీట నొక్కాడు. మామూలుగా అయితే గుండు మెల్లగా కిందికి జారాలి. పట్టేసినట్టు అక్కడే వేలాడుతోంది. అతను మరని తడిమి చూశాడు. తర్వాత నెల్డా వంక చూశాడు.

నెల్డాకి కళ్లనిండా నీళ్లు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది, అంతకంటే ఏం చెయ్యగలదు!

రేబర్న్ జనం వైపు వీపు తిప్పాడు. చొక్కా అంచుతో రీలు మీది తడి తుడుస్తున్నట్టు తుడుస్తూ మరని పూర్తిగా వదులు చేశాడు, బ్రేకు తీసేశాడు. ఆ పని నెల్డా కళ్లకి తప్ప ఎవరికీ ఆనలేదు. రాడ్డెత్తి బలంగా విసిరి, వేలు పైకెత్తేశాడు.

సర్రుమంది రీలు. అంతకుముందు పడ్డ రెండు చిక్కులూ దీని ముందు దిగదుడుపే.

"రీలు బంగారంలాంటిది," అన్నాడు రేబర్న్ గట్టిగా, అందరికీ వినబడేలా. "పోయింది నా వేలే. వర్లన్ చెప్పిందే నిజం."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు అతని భుజం తట్టారు. జనమంతా వెండి రంగు రీళ్ల కోసం షాపులోకి నడిచారు.

నెల్డా అతని ట్రక్కు దాకా పరిగెత్తింది. "రేబర్న్ గారూ..."

"మీ నాన్నని లోపలికి తీసుకెళ్లమ్మా. తడిసిపోతున్నాడు," అని అతను తలుపు వేసుకున్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి వర్లన్ కౌంటరు వెనక నిలబడి, కిటికీలోంచి వెళ్లిపోతున్న ట్రక్కునే చూస్తున్నాడు. మొహంలో గెలిచిన కళ లేదు, నిజంగానే బాధపడుతున్నాడు.

"పాపం రేబర్న్! గోడ మీంచి వాడి కార్డు తీసెయ్యమ్మా. ఆ చేతులవాడి పడవెక్కమని ఇక జనానికి ఏ మొహంతో చెప్పను?"